చేత్తో చేసిన ఫ్రెంచి షాండ్లియర్‌లో ఎల్‌ఈడీని శాశ్వతంగా బిగించెయ్యొచ్చా?

ప్లాన్‌గీత:
హైదరాబాద్‌లో ఇంటీరియర్ పని చేస్తుంటాను. ఒక క్లయింటు తమ డైనింగ్ హాల్లోకి ఫ్రాన్స్ నుంచే క్రిస్టల్ షాండ్లియర్ (సీలింగ్ నుంచి వేలాడే దీపాల గుత్తి) తెప్పించాలని పట్టుబట్టారు. రెండు డిజైన్లు ముందున్నాయి. మొదటిది పాత పద్ధతి. మెలితిరిగిన క్రిస్టల్ కొమ్మలు, వాటి చివర కొవ్వొత్తి ఆకారపు గొట్టాలు, మామూలు ఈ14 హోల్డర్లు (సన్న మరల బల్బు తిప్పి బిగించేవి). నచ్చిన ఎల్‌ఈడీ బల్బు పెట్టుకోవచ్చు. రెండోదానికి హోల్డరే లేదు. క్రిస్టల్ దిమ్మల అడుగున ఎల్‌ఈడీ బోర్డు దాచారు, దానికి సరిపడా కరెంటు అందించే పెట్టె, అంటే డ్రైవర్, పైన సీలింగ్ కప్పులో ఉంటుంది.

చూడ్డానికి రెండోదే బావుంది. బల్బు కనబడదు, గాజే వెలుగుతున్నట్టుంటుంది. నా గుంజాటన వేరే. క్రిస్టల్‌ని ఊది, సానపట్టి, మెరుగు పెట్టి చేసిన వస్తువు మనవల కాలానికీ ఉంటుంది. వెలుగిచ్చే ఎల్‌ఈడీ చిప్‌కి మాత్రం 25,000 గంటలనో 50,000 గంటలనో రాసి ఉంటుంది. రోజుకు ఐదు గంటలు వెలిగిస్తే 25,000 గంటలంటే పద్నాలుగేళ్లు కూడా నిండవు. ఆ తర్వాత ఆ చేతిపనిని ఏం చేసుకోవాలి? మీ అభిప్రాయాలు చెప్పండి. "డబ్బున్నవాళ్ల గోల మనకెందుకు" అనే కామెంట్లు దయచేసి వద్దు.

వాట్‌లెక్క:
రెండోదే తీసుకోండి. ఆ గంటల లెక్కను అందరూ తప్పుగా చదువుతారు. 50,000 గంటలంటే ఆ రోజుకి దీపం ఆరిపోతుందని కాదు, సాధారణంగా వెలుగు మొదటిదానిలో 70 శాతానికి పడిపోతుందని. పైగా ముందు పోయేది చిప్ కాదు, డ్రైవర్‌లో ఉండే కెపాసిటర్. ఆ డ్రైవర్ సీలింగ్ కప్పులోనే ఉందంటున్నారు. అది మారిస్తే సరి.

ఇంకోటి. ఒకప్పుడు 24 దీపాల షాండ్లియర్‌కి 40 వాట్ల బల్బులు పెడితే 960 వాట్లు. అంటే భోజనాల బల్ల మీద హీటర్ వేలాడదీసినట్టే. ఇప్పుడు ఒక్కోటి 4 వాట్లు, మొత్తం 96. ఈ సౌకర్యాన్ని వాడుకుని కొత్త ఆకారాలు చెయ్యకపోతే ఆ డిజైనర్ ఎందుకు? కొవ్వొత్తి లేకపోయినా కొవ్వొత్తి గొట్టం చెయ్యడం, దాని మీద మంట ఆకారపు బల్బు పెట్టడం నాకు నాటకంలా అనిపిస్తుంది.

లస్టర్‌మేస్త్రి:
నాది ఇవి విప్పి, కడిగి, మళ్లీ కట్టే పని. అందుకని కాస్త పొడుగ్గా రాస్తాను, ఏమీ అనుకోకండి.

ఫ్రాన్స్‌లో పందొమ్మిదో శతాబ్దంలో చేసిన షాండ్లియర్లు ఈ రోజుకీ వెలుగుతున్నాయి. వాటికి మొదట కొవ్వొత్తి, తర్వాత కొన్నింటికి గ్యాసు, ఆ తర్వాత కరెంటు బల్బు, ఇప్పుడు ఎల్‌ఈడీ. ఇన్నిసార్లు వెలుగు మారినా ఒళ్లు మారలేదు. కారణం ఒక్కటే: మంట ఉండే చోటు, గాజు ఉండే చోటు విడివిడిగా ఉన్నాయి. మైనం కారి కింద పడకుండా పెట్టిన చిన్న గాజు పళ్లెం ఉంటుంది చూడండి, దాన్ని బోబెష్ అంటారు. కొవ్వొత్తి పోయినా ఆ పళ్లెం మిగిలింది, దానికి లోలకులు వేలాడదీసుకున్నారు. అంతే.

నష్టం జరిగింది ఎక్కడంటే, కరెంటు వచ్చిన కొత్తలో తొందరపడినచోట. వైరు కనబడకూడదని పాత కొమ్మలకు రంధ్రాలు తొలిచేశారు. అలా తొలిచిన ముక్కకి పాత విలువ మళ్లీ రాదు. వైరును కొమ్మ వెంబడి బయటినుంచి తీసుకెళ్లినవి మాత్రం ఇప్పటికీ క్షేమంగా ఉన్నాయి. కాస్త వికారంగా ఉంటే ఉండనీండి.

ఇక మీ రెండో డిజైన్. బోర్డు స్క్రూలతో బిగించారా, జిగురుతో అంటించారా? ముందు అది అడగండి. జిగురైతే ఊడదీయడానికి వేడి చెయ్యాలి. లెడ్ క్రిస్టల్‌కి, అంటే సీసం కలిపిన గాజుకి, ఒక్కచోట వేడి తగిలిందంటే చిట్లుతుంది. కొలిమి నుంచి తీశాక దాన్ని గంటల తరబడి మెల్లగా చల్లార్చేది ఆ గాజులో బిగువు మిగలకూడదనే. అంత జాగ్రత్తగా చేసినదాన్ని పద్నాలుగేళ్లయ్యాక ఏ ఎలక్ట్రీషియనో హాట్ ఎయిర్ గన్ పెట్టి ఊడదీస్తాడు.

వాట్‌లెక్క గారు చిప్ పోదంటున్నారు. బయట గాలిలో ఉంటే పోదు. గాజు గిన్నెలో మూసి పెడితే? ఎల్‌ఈడీ వేడి వెనకనుంచి బయటికి రావాలి. గాజు వేడిని దాదాపు మోసుకుపోదు. ఇత్తడి దానికంటే వంద రెట్లకు పైగా బాగా మోస్తుంది. మంచి పనివాళ్లు ఇత్తడి పళ్లెం మీదే బోర్డు కూర్చోబెట్టి, పళ్లెంతోనే వేడి లాగిస్తారు. అలా చేసిందైతే నాకేం అభ్యంతరం లేదు.

నాన్సీనుంచి:
ఈ పేరు చూసి నవ్వకండి, నిజంగానే నాన్సీ ఊళ్లో ఉంటాను. ఫ్రాన్స్‌లో లొరెన్ ప్రాంతం. బక్కరా క్రిస్టల్ ఊరు (1764లో మొదలైంది) ఇక్కడికి ఎక్కువ దూరం కాదు. 1767లో రాజముద్ర పొందిన సాన్ లూయీ గాజు కర్మాగారమూ ఈ ప్రాంతంలోదే. అందుకని మధ్యలో తల దూరుస్తున్నాను.

"సంప్రదాయం" అనగానే అందరూ వెర్సాయ్ రాజుల దగ్గరికి వెళ్లిపోతారు. నాన్సీలో ఎకోల్ ద నాన్సీ మ్యూజియం ఉంది. అందులో గాజు కళాకారుడు ఎమిల్ గాలే చేసిన "లె కోప్రెన్" అనే దీపం చూడండి, 1902 ప్రాంతానిది. మూడు పుట్టగొడుగులు, మూడు వయసులవి. ఒకటి మొగ్గ, ఒకటి విచ్చుకుంటున్నది, ఒకటి గొడుగు పూర్తిగా తెరుచుకున్నది. బల్బులు గొడుగుల లోపల. అప్పటికి ఇళ్లల్లో కరెంటు ఎంత కొత్తో ఆలోచించండి. గాలే కొవ్వొత్తి నకలు చెయ్యలేదు. వెలుగు గాజు లోపలినుంచి రావచ్చు అనగానే ఆకారాన్నే మార్చేశాడు. అదే ఊళ్లో దోమ్ సోదరులు గాజూ, మజొరెల్ లోహపు పనీ కలిపి కలువ దీపాలు, మాగ్నోలియా దీపాలు చేశారు. ఇప్పుడు వాటినే "పాతకాలపు చేతిపని" అంటున్నాం. అప్పుడవి కొత్త యంత్రంతో కొత్త ఆట.

వెర్సాయ్ పేరు ఎత్తాను కాబట్టి: అక్కడి గాబ్రియెల్ మెట్లదారిలో 2013లో ఫ్రెంచి డిజైనర్లు బురులెక్ సోదరులు వేలాడదీసింది హారంలా జారే పొడవాటి క్రిస్టల్ దండలు. సుమారు 12 మీటర్ల ఎత్తు. ఎల్‌ఈడీలు లోపలే. అది హోల్డర్లతో సాధ్యమయ్యే పనేనా?

లస్టర్‌మేస్త్రి:
@నాన్సీనుంచి మీరు చెప్పిన ఆ పుట్టగొడుగుల దీపంలో బల్బు మార్చొచ్చా, మార్చలేమా? మార్చొచ్చు. అందుకే మీరు వెళ్లి చూడగలుగుతున్నారు. మీ ఉదాహరణ నా పక్షానికే పనికొస్తుంది.

వెర్సాయ్‌ది వేరే సంగతి. అక్కడ పరంజా కట్టి దీపాలు చూసుకునే మనుషులుంటారు. ఈ క్లయింటు ఇంట్లో ఎవరుంటారు? పైగా ఆ క్రిస్టల్ ఆస్ట్రియా కంపెనీ స్వరోవ్‌స్కీది. ఫ్రెంచి చేతిపని అని దాన్ని ముందు పెట్టడం నాకు కుదరదు.

వాట్‌లెక్క:
డిజైన్ ఫ్రెంచివాళ్లది, చోటు ఫ్రాన్స్‌ది, గాజు ఆస్ట్రియాది, చిప్ ఎక్కడిదో దేవుడికే తెలియాలి. ఈ రోజుల్లో అన్నీ అంతే.

గాజుపెంకు:
గందుకే అడుగుతున్న. ఇగ ఫ్రెంచి అని పైసలెందుకు పెట్టాలె అన్నా? చౌమహల్లా ప్యాలెస్ల ఖిల్వత్ దర్బార్ హాలుల 19 ఝూమర్లు, గదే షాండ్లియర్లు, ఉన్నయ్, బెల్జియం క్రిస్టల్‌వి. మనోళ్లు గవి చూసే పెరిగిన్రు. నిజాం ఇంట్ల బెల్జియందే నడిచింది, మీ క్లయింటుకు ఫ్రాన్సే గావాల్నట!

ప్లాన్‌గీత:
క్లయింటు వాళ్ల అమ్మాయి పారిస్‌లో చదివింది, అదీ సంగతి. చౌమహల్లా పేరు నేనూ ఎత్తాను, ఒప్పుకోలేదు.

చట్టంపేజీ:
"ఫ్రెంచి" అన్న మాటకి కాగితం మీద ఏముందో చెప్తాను, ఎందుకంటే అమ్మేవాళ్లు దీన్ని బాగా కలిపేస్తారు. ఫ్రాన్స్ ప్రభుత్వం ఇచ్చే "సజీవ వారసత్వ సంస్థ" గుర్తింపు ఒకటుంది, ఈపీవీ అంటారు. 2005లో వచ్చింది. అది సంస్థకి ఇస్తారు, ఐదేళ్లకోసారి మళ్లీ తెచ్చుకోవాలి. మీరు కొనే దీపానికి కాదు. గుర్తింపు ఉన్న సంస్థ కూడా డ్రైవర్ని బయట కొని పెట్టొచ్చు, పెడతారు కూడా. 2023లో చేత్తో గాజు చేసే విద్యను యునెస్కో జాబితాలో చేర్చారు. అందులో ఫ్రాన్స్‌తో పాటు చెక్, ఫిన్లాండ్, జర్మనీ, హంగరీ, స్పెయిన్ ఉన్నాయి. అదీ విద్యకే, వస్తువుకి కాదు.

మీ అసలు ప్రశ్నకి దగ్గరగా ఉన్నది ఇంకోటి. యూరోపియన్ యూనియన్‌లో 2021 సెప్టెంబరు నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, దీపంలోని వెలుగు భాగాన్నీ డ్రైవర్‌నీ మామూలు పనిముట్లతో, వస్తువు పాడవకుండా మార్చగలిగేలా చెయ్యాలి. సాంకేతిక కారణం చూపించగలిగితే మినహాయింపు ఉంది. అంటే జిగురుతో అంటించినవాళ్లు ఎందుకు అంటించారో రాసి పెట్టి ఉండాలి. ఆ కాగితం అడగండి.

ఇదే యూరప్‌లో ఒక తమాషా. ఎల్‌ఈడీ బోర్డు మీద టంకానికి సీసం వాడకూడదు. దాని చుట్టూ ఉన్న క్రిస్టల్‌లో మాత్రం 24 శాతం లెడ్ ఆక్సైడ్ ఉంటేనే "లెడ్ క్రిస్టల్" అని పిలవనిస్తారు! క్రిస్టల్ గాజుకి మినహాయింపు ఇచ్చుకున్నారు.

నాన్సీనుంచి:
@లస్టర్‌మేస్త్రి బల్బు మార్చొచ్చన్న మాట ఒప్పుకుంటాను. కానీ మీ వాదన చివరికి "పాత ఆకారమే చెయ్యండి" దగ్గరికి పోతోంది, అది నాకు ఇబ్బంది. పాతవన్నీ పూజించాల్సినవి కావు. పద్దెనిమిదో శతాబ్దపు కంచు దీపాలకు ఆ బంగారు మెరుపు ఎలా వచ్చేదనుకుంటున్నారు? బంగారాన్ని పాదరసంలో కలిపి, కంచుకి పూసి, కాల్చేవాళ్లు. పాదరసం ఆవిరై పోయేది, బంగారం మిగిలేది. ఆ ఆవిరి పీల్చిన పనివాళ్లు చాలామంది నలభై దాటకుండానే పోయేవాళ్లంటారు. తర్వాత కరెంటు పూత వచ్చి దాన్ని పక్కకి నెట్టింది. పోయింది, మంచిదే.

దీపాలవీధి:
ఇక్కడ ఎవరూ వెలుగు గురించి మాట్లాడటంలేదు, అదే విచిత్రం. హోల్డరా బోర్డా అన్నది రెండో ప్రశ్న. క్రిస్టల్ మెరవాలంటే వెలుగు చిన్న చుక్కలోంచి రావాలి. కొవ్వొత్తి మంట అలాంటిది, స్పష్టమైన గాజు బల్బులో తీగ అలాంటిది. చుక్క చిన్నదైతేనే సానపట్టిన అంచులు దాన్ని రంగులుగా విరిచి గోడ మీద చల్లుతాయి. పాల రంగు పూసిన ఎల్‌ఈడీ బల్బు పెట్టారంటే ఆ అంచులన్నీ చచ్చిపోతాయి. లక్షలు పోసి ప్లాస్టిక్ తెచ్చినట్టుంటుంది. ఫిలమెంట్ ఎల్‌ఈడీ (లోపల తీగల్లా వెలిగేది), గాజు పారదర్శకంగా ఉన్నది, పెట్టుకోండి.

అదే పింగాణీ అయితే తిరగేసి ఆలోచించాలి. లిమోజ్ పింగాణీ ఉంది కదా, 1768లో ఫ్రాన్స్‌లో సాన్ త్రియే అనే ఊళ్లో తెల్ల బంకమట్టి దొరికాక పుట్టింది. దాన్ని పలచగా చేస్తే వెలుగు లోపలినుంచి వడకట్టుకుని వస్తుంది. పింగాణీలోనే మందం తేడాలతో బొమ్మ చెక్కి, వెనక వెలుగు పెడితే కనబడేలా చేసే పద్ధతికి ఫ్రాన్స్‌లో 1827లోనే పేటెంటు తీసుకున్నారు, లిథోఫానీ అంటారు. దానికి పరుచుకున్న వెలుగు కావాలి, వేడి తక్కువ ఉండాలి. ఎల్‌ఈడీ బోర్డు దానికోసమే పుట్టిందా అనిపిస్తుంది. కాబట్టి బోర్డు మంచిదా చెడ్డదా అని కాదు, ఏ పదార్థం వెనక అన్నదే.

రంగు సంగతి కూడా. వెలుగు రంగును కెల్విన్లలో చెప్తారు, అంకె తక్కువైతే పసుపు వైపు, ఎక్కువైతే నీలం వైపు. కొవ్వొత్తి 1900 కెల్విన్ దరిదాపుల్లో ఉంటుంది, పాత బల్బు 2700. మనవాళ్లు హాల్లో 6500 పెట్టించుకుని, ఆ కింద బంగారు పూత ఆకుపచ్చగా, భోజనం నీలంగా కనబడుతోందని బాధపడతారు. క్లయింటుకి ముందే ఈ మాట చెప్పండి.

వాట్‌లెక్క:
@దీపాలవీధి చిన్న చుక్క కావాలంటే చిప్ కంటే చిన్న చుక్క ఏముంది? మీరు నా పక్షానే ఉన్నారు. బోర్డు మీద చిప్‌లు మిల్లీమీటర్ల సైజువి. వాటి ముందు పొగమంచు షీటు పెట్టకపోతే చాలు.

దీపాలవీధి:
షీటు పెట్టకపోతే కింద కూర్చున్నవాళ్ల కళ్లల్లో పొడుస్తుంది. భోజనాల బల్ల అండీ అది.

ప్లాన్‌గీత:
తయారుచేసేవాళ్లకు రాశాను, జవాబొచ్చింది. జిగురు లేదు. బోర్డు ఇత్తడి పళ్లెం మీద, స్క్రూలతో. విప్పొచ్చు, కానీ క్రిస్టల్ దిమ్మలు తీసే క్రమం ఉందట, ఆ డ్రాయింగ్ ఇస్తారట. పదేళ్ల వరకు విడి బోర్డులు దొరుకుతాయని రాతపూర్వకంగా చెప్పారు. పదేళ్ల తర్వాత సంగతి రాయలేదు. మొదటి డిజైన్‌కైతే ఈ ప్రశ్నే లేదు. ఈ14 బల్బు కోఠీలో దొరుకుతుంది, వోల్టేజీ కూడా అక్కడా ఇక్కడా ఒక్కటే, 230.

లస్టర్‌మేస్త్రి:
ఇత్తడి పళ్లెం, స్క్రూలు, డ్రాయింగ్. సరే, అయితే నా సగం అభ్యంతరం పోయింది. మిగతా సగానికి ఒక పని చెయ్యండి. విడి బోర్డుల సెట్టు ఇప్పుడే, ఈ ఆర్డరుతోనే, పూర్తిగా కొనిపించండి. ఒకటీ రెండూ కాదు, పూర్తి సెట్టు. తర్వాతెప్పుడో తెప్పిస్తే అదే 2700 అని రాసి ఉన్నా వేరే బ్యాచ్ కొద్దిగా గులాబీగానో ఆకుపచ్చగానో ఉంటుంది. పన్నెండు దిమ్మల్లో రెండు వేరే రంగు వెలిగితే క్లయింటు మిమ్మల్నే పిలుస్తారు.

గాజుపెంకు:
గా డ్రాయింగు ఫ్రెంచిల ఇస్తరు, చూస్కో అక్కా.

వాట్‌లెక్క:
డ్రాయింగ్‌కి భాషేంటి బాబూ. @ప్లాన్‌గీత డ్రైవర్ ఏ డిమ్మర్‌తో (వెలుగు తగ్గించే స్విచ్చు) పనిచేస్తుందో కూడా రాయించుకోండి. మనిళ్లలో పాత ఫ్యాన్ రెగ్యులేటర్ లాంటి డిమ్మర్ తగిలిస్తే ఆ వెలుగంతా మినుకుమినుకుమని వణుకుతుంది, వీడియో తీస్తే ఇంకా బాగా తెలుస్తుంది. ఇంట్లో పెళ్లో పేరంటమో అయితే అందరూ తీసేది వీడియోలే. నేనైతే ఇంకా రెండోదానికే ఓటు.

లస్టర్‌మేస్త్రి:
నా ఓటు మొదటిదానికే. విడి సెట్టు కొనడానికి క్లయింటు ఒప్పుకుంటే మాత్రం రెండోదానికి అడ్డు చెప్పను.