విద్యుత్ కారు టైర్లలో గాలి: వేడిగా ఉన్నప్పుడు కనిపించే అంకెను నమ్మవచ్చా?

బెజవాడ ఈవీ (ప్రశ్న)

అందరికీ నమస్కారం. విద్యుత్ కారు కొని ఏడాది కావస్తున్నా, టైర్లలో గాలి సంగతి నాకు ఇప్పటికీ అంతుపట్టలేదు. డ్రైవరు తలుపు తెరిస్తే కనిపించే స్టిక్కరు మీద ముందు చక్రాలకూ వెనుక చక్రాలకూ 36 పీఎస్‌ఐ (గాలి పీడనం కొలత) అని ఉంది. టైరు పక్కభాగం మీద చూస్తే 51 అని అచ్చు పోసి ఉంది. బంకులో గాలి కొట్టే కుర్రవాడు మాత్రం ఏ కారు వచ్చినా అడగకుండానే 32 పెట్టేస్తాడు.

మే నెలలో విజయవాడ నుంచి హైదరాబాదు వెళ్తూ, మధ్యాహ్నం సూర్యాపేట దగ్గర చార్జింగుకు ఆగినప్పుడు, తెర మీద నాలుగు టైర్లూ 41, 42 చూపించాయి. తెల్లవారుజామున బయలుదేరేటప్పుడు సరిగ్గా 36 ఉన్నాయని నేనే గేజి పెట్టి చూసుకున్నాను. పక్కనే ఉన్న పంక్చరు షాపతను "ఈ ఎండకు పేలిపోతాయి సార్, కాస్త వదిలేయండి" అని భయపెట్టడంతో, నాలుగింటిలోనూ గాలి తీయించి 36కు తెచ్చాను. మర్నాడు ఉదయం అవే టైర్లు 31 చూపించాయి. హెచ్చరిక దీపం మాత్రం వెలగలేదు. తిరుగు ప్రయాణంలో స్టీరింగు బరువెక్కినట్టు అనిపించింది, ఒక చార్జింగుతో వచ్చే దూరమూ తగ్గింది. నేను చేసిన తప్పేమిటి? ఏ అంకెను, ఏ సమయంలో చూసి గాలి పెట్టుకోవాలి?

గేజి చేతిలో ఉన్నవాడు

బెజవాడ ఈవీ గారూ, ఉదయం మీరు పెట్టుకున్న 36 సరైనదే. మధ్యాహ్నం కనిపించిన 41 కూడా సరైనదే. గాలి తీయించడం ఒక్కటే పొరపాటు. స్టిక్కరు మీద వేసిన అంకె చల్లగా ఉన్న టైరుకు వర్తిస్తుంది. అంటే బండి కనీసం మూడు గంటలు నీడలో కదలకుండా ఉండాలి, లేదా ఒకటిన్నర కిలోమీటరుకు మించి నడిచి ఉండకూడదు. రోడ్డు మీద పరుగెత్తే టైరు ప్రతి చుట్టుకూ నొక్కుకుని మళ్ళీ సాగుతుంది కనుక, ఎండ లేకపోయినా దానంతట అదే వేడెక్కుతుంది, లోపలి గాలి పీడనమూ దానితో పాటే పెరుగుతుంది. ఈ పెరుగుదలను లెక్కలోకి తీసుకునే తయారీదారు ఆ 36ను నిర్ణయిస్తాడు.

మీ అంకెలతోనే లెక్క వేసి చూశాను. గేజి చూపేది బయటి వాతావరణ పీడనానికి పైన ఉన్నది మాత్రమే కాబట్టి, అసలు పీడనం కోసం దానికి 14.7 కలపాలి. ఉదయం 28 డిగ్రీల దగ్గర 36 అంటే అసలు పీడనం 50.7. అదే గాలి సుమారు 60 డిగ్రీలకు వేడెక్కితే గేజి మీద 41 దాటుతుంది. ఆ వేడిలో 36కు దింపి, రాత్రంతా చల్లారనిస్తే మిగిలేది దాదాపు 31. మీ గాలి ఎక్కడికీ పోలేదు, సూర్యాపేటలో మీరే వదిలిపెట్టి వచ్చారు. గుర్తుంచుకోవడానికి సులువుగా చెప్పాలంటే, ప్రతి 10 డిగ్రీలకూ అటూ ఇటూ సుమారు 1.7 పీఎస్‌ఐ తేడా వస్తుంది.

ఆ షాపతను చెప్పిన భయం నిజానికి తిరగేసి చెప్పవలసినది. గాలి తక్కువైన టైరే ఎక్కువగా నలుగుతుంది, ఎక్కువగా వేడెక్కుతుంది. వేసవిలో హైవే మీద టైర్లు పేలడానికి ముఖ్య కారణాలలో అదొకటి. దీపం వెలగకపోవడంలోనూ వింత లేదు. చాలా కార్లలో 20 నుంచి 25 శాతం తగ్గాకే అది వెలుగుతుంది. మీ 36కు 25 శాతం తగ్గింపు అంటే 27. అందువల్ల 31 దగ్గర దీపం ఊరుకున్నంత మాత్రాన గాలి సరిపోయినట్టు కాదు.

స్టెప్నీ లేని కారు

బంకు కుర్రవాడి 32 గురించి ఒక మాట. ఆ అంకె చిన్న పెట్రోలు కార్ల నుంచి వచ్చిన అలవాటు. బ్యాటరీ బరువు వల్ల విద్యుత్ కారు అదే పరిమాణంలోని పెట్రోలు కారు కంటే వందల కిలోలు ఎక్కువ తూగుతుంది కనుక, దాని స్టిక్కరు మీద అంకె సాధారణంగా ఎక్కువే ఉంటుంది. బంకులో యంత్రం మీద ముందుగా 36 నొక్కించి, ఆ తర్వాతే నాజిల్ పెట్టనివ్వండి. కొన్ని యంత్రాలు బార్ అనే మరో కొలతలో ఉంటాయి, అక్కడ 2.5 అంటే మన 36. ఇక టైరు మీది 51 ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పీడనం, అది మీ కారుకు చెప్పిన అంకె కాదు.

అసలు చిక్కు మరొకటి ఉందని నా అభిప్రాయం. పెట్రోలు కారు ఉన్నప్పుడు పది రోజులకొకసారి బంకుకు వెళ్ళేవాళ్ళం, వెళ్ళినప్పుడు గాలి కూడా చూపించుకునేవాళ్ళం. ఇప్పుడు ఇంట్లోనే చార్జింగు కావడంతో బంకు ముఖం చూడటమే మానేశాం. బాగున్న టైరు కూడా నెలకు ఒక పీఎస్‌ఐ దాకా కోల్పోతుంది. టైర్ల పీడనాన్ని కనిపెట్టే ఏర్పాటూ పంక్చరు కిట్టూ ఉన్న కార్లకు స్టెప్నీ అక్కరలేదని 2020లో కేంద్ర మోటారు వాహన నియమాలను సవరించారు కదా. మీ డిక్కీలోనూ ఆ కిట్టుతో వచ్చిన చిన్న కంప్రెసరు ఉండే ఉంటుంది. పొద్దున్నే ఇంటి ముందే దానితో గాలి పెట్టుకోవచ్చు. అయితే దానికి బిగించే, పంక్చరు పూడ్చే జిగురు ద్రవం సీసాను మాత్రం తగిలించకండి. మా బావమరిది ఆ గొట్టాన్నీ ఈ గొట్టాన్నీ కలిపి, బాగున్న టైరు నిండా తెల్లటి ద్రవం పోసుకున్నాడు.

రేంజి వేటగాడు

నేను ఎనిమిది నెలలుగా 36 బదులు 42 పెట్టి నడుపుతున్నాను. టైరు గట్టిగా ఉంటే రోడ్డుతో ఘర్షణ తగ్గి దూరం ఎక్కువ వస్తుంది. నైట్రోజన్ పట్టించాను కనుక వేడికి పెరగదు కూడా. ఇందులో నష్టమేమిటో ఎవరైనా చెప్పగలరా?

గేజి చేతిలో ఉన్నవాడు

దూరం కొంత పెరిగే మాట నిజమే, కాదనను. కానీ టైరు ఉబ్బి నడిమి భాగమే నేలను తాకుతుంది కాబట్టి, నడుమ త్వరగా అరిగిపోతుంది, వానలో బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది, గుంతలో పడితే దెబ్బ నేరుగా రిమ్ముకు తగులుతుంది. ఒకసారి చేతితో తడిమి చూడండి. నడిమి గాడి అంచు గాడుల కంటే లోతు తగ్గి ఉంటే, మీరు మిగుల్చుకున్న కరెంటు డబ్బు టైర్ల ఖర్చులోకి పోతున్నట్టే. స్టిక్కరు మీద నిండు బరువుకు వేరే అంకె ఉంటే, ఐదుగురూ సామానుతో వెళ్ళే రోజున దానిని పాటించండి, అంతవరకు సమంజసం.

నైట్రోజన్ కూడా వేడికి మామూలు గాలిలాగే పెరుగుతుంది. మనం పీల్చే గాలిలోనే అది 78 శాతం ఉంది. తేమ లేకపోవడం, కాస్త నెమ్మదిగా జారిపోవడం తప్ప, ఇంటి కారుకు దానివల్ల డబ్బు పెట్టేంత లాభం నాకు కనిపించలేదు.

బెజవాడ ఈవీ

అందరికీ ధన్యవాదాలు. ఆదివారం ఉదయం ఐదున్నరకు, ఎండ రాకముందే, నాలుగింటినీ కంప్రెసరుతో 36కు తెచ్చాను. ఎనిమిది గంటలకు, కారు కదపకుండానే మళ్ళీ చూస్తే, తూర్పు వైపు ఎండ తగిలిన రెండు టైర్లు 38, నీడలో ఉన్నవి 36 చూపించాయి. మీరు చెప్పిన లెక్క కళ్ళారా చూసినట్టయింది. ఒక సందేహం మిగిలింది. రెండు వారాలు తిరిగేసరికి మూడు టైర్లు 36 దగ్గరే ఉండగా, వెనుక ఎడమది మాత్రం 33కు దిగింది. అదీ ఉదయపు లెక్కే.

స్టెప్నీ లేని కారు

మిగతా మూడూ నిలకడగా ఉన్నాయంటే అది వాతావరణం వల్ల కాదు, సన్నగా కారుతోంది. సబ్బు నీళ్ళు నురుగు వచ్చేలా కలిపి, ముందు వాల్వు మూత తీసి దాని నోటి మీద, తర్వాత వాల్వు మొదలు దగ్గర, ఆ తర్వాత రిమ్ము అంచు పొడవునా, టైరు ముఖం మీదా పూసి, ఒక్కో చోట నిమిషం ఆగి చూడండి.

బెజవాడ ఈవీ

వాల్వు నోటి దగ్గరే ఆవగింజంత బుడగలు ఒకదాని వెనుక ఒకటి వచ్చాయి. షాపులో లోపలి పిన్ను మార్పించాను. ఈ ఉదయానికి ఆరు రోజులు, 36 దగ్గరే ఉంది.