చర్చ: సెన్సారు పెట్టే దేశంలో కంపెనీ ఉండాలా, తప్పుకోవాలా?

కావలి మాస్టారు:
గూగుల్ 2006 నుంచి చైనా చెప్పినట్టు సెర్చ్ ఫలితాలకు కోత వేస్తూ అక్కడ నడిచింది. 2010లో హక్కుల కార్యకర్తల జీమెయిల్‌పై దాడి జరిగాక, ఇక కోత వేయనని సేవను హాంకాంగ్‌కు మళ్లించింది. యాపిల్ అలా చేయలేదు. 2018లో చైనా వినియోగదారుల ఫొటోలు, ఫైళ్లు దాచే ఐక్లౌడ్ నిర్వహణను గుయ్‌జౌలోని స్థానిక సంస్థకు అప్పగించి, అక్కడే ఉంది. నా ఓటు గూగుల్‌కే.

చీమకుర్తి క్వారీ:
మాస్టారూ, తప్పుకోమనడం తేలిక. మా గెలాక్సీ గ్రానైట్ కొనేవాళ్లు చైనాలోని షియామెన్‌లో ఉన్నారు. అక్కడ 2017 నుంచి వాట్సాప్ నడవదు. రాయి ఫొటోలు, కొలతలు, బేరం అన్నీ వాళ్ల మెసేజింగ్ యాప్ వీచాట్‌లోనే. 2020 జూన్ 29న మన ప్రభుత్వం 59 యాప్‌లను నిషేధించింది, అందులో ఇదీ ఉంది. కొలతలు వేసి, నంబర్లు రాసిన రాళ్ల ముందు నిలబడి ఫోను చూసుకుంటూ కూర్చున్నాం. అటు వాళ్ల గోడ, ఇటు మన గోడ.

ఒంగోలు ప్లీడరు:
మీ బేరం ఎవరైనా చదివితే పోయేది నాలుగు డబ్బులు. షీ తావ్ అనే చైనా పాత్రికేయుడు 2004లో, 1989 నాటి తియానన్మెన్ కాల్పుల వార్షికంపై పత్రికలకు వచ్చిన ఆదేశాన్ని యాహూ మెయిల్‌లో విదేశానికి పంపారు. ఖాతా వివరాలను యాహూ పోలీసులకిచ్చింది. పదేళ్ల శిక్ష పడింది. స్థానిక చట్టం పాటించామన్నారు! 2007లో అమెరికా కాంగ్రెస్ విచారణకు వచ్చిన యాహూ అధిపతి జెర్రీ యాంగ్, షీ తావ్ తల్లి ముందు తలవంచవలసి వచ్చింది.

చీమకుర్తి క్వారీ:
ఆ తల్లి విషయంలో నాకు ఎదురు మాట లేదండి.

కొత్తపట్నం కుర్రాడు:
చైనా ఒక్కటేనా? బ్రిటన్ ఒత్తిడితో 2025 ఫిబ్రవరిలో యాపిల్ అక్కడ ఐక్లౌడ్ అదనపు రక్షణను, అంటే తాళంచెవి వాడేవాళ్ల దగ్గరే ఉండే ఏర్పాటును తీసేసింది. కంపెనీ దగ్గర తాళంచెవే లేకపోతే పోలీసులు అడిగినా ఏమిస్తుంది? ప్రభుత్వాలకు కంటగింపు ఆ తాళమే. సందేశాల గోప్యత విడగొట్టమంటే వెళ్లిపోతామని 2024లో వాట్సాప్ ఢిల్లీ హైకోర్టులో చెప్పింది. మాస్టారూ, పొమ్మంటారా?

కావలి మాస్టారు:
మా పాలవాడి లెక్క కూడా అందులోనే ఉంది నాయనా. ఇరికించావు. అయినా, పొమ్మనే అంటాను. కాస్త నెమ్మదిగా అంటాను.

ఒంగోలు ప్లీడరు:
క్వారీ గారూ, మరి ఇప్పుడు షియామెన్‌తో బేరం ఎలా?

చీమకుర్తి క్వారీ:
హాంకాంగ్‌లో ఒక దళారీ ఉన్నాడు. అతని ఫోనులో రెండు యాప్‌లూ పనిచేస్తాయి. టన్నుకింత అని తీసుకుంటాడు.