నాలుగేళ్లు సేంద్రియం చేసినా చీనీ తోటలో నేల మారలేదు. ఎందుకు?

అనంత_చీనీ: మాది అనంతపురం జిల్లా, ఐదెకరాల సాత్‌గుడి రకం చీనీ, అదే బత్తాయి. నాలుగేళ్లుగా యూరియా, డీఏపీ ముట్టలేదు. పశువుల ఎరువు, జీవామృతం, వేపపిండి, అంతే. గట్టు అవతల మా చిన్నాన్న తోటకు అన్నీ బస్తాలే. మొన్న ఇద్దరం మట్టి పరీక్ష చేయించినాం. నేలకు బలమిచ్చే సేంద్రియ కర్బనం నాది 0.38 శాతం, ఆయనది 0.36. అర శాతం లోపుంటే తక్కువ కిందే లెక్క. చిన్నాన్న ఊరంతా చెప్పుకుని నవ్వుతున్నాడు. నా కష్టమంతా యాడికి పోయినట్టు?

బస్తా_బలం: యాడికీ పోలేదు, లెక్క చూసుకోలేదంతే. పశువుల ఎరువులో నత్రజని అర శాతం ఉంటే గొప్ప. నాలుగు టన్నులు తోలితే 45 కిలోల యూరియా బస్తా ఒక్కదానికి సమానం. ఇక జీవామృతం: 200 లీటర్ల డ్రమ్ములో పది కిలోల పేడ, పది లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి. అంతా కలిపినా అర కిలో నత్రజని రాదు. ఏటా టన్నులకొద్దీ కాయ లారీకెక్కించి, చెట్టుకు ఇంత మాత్రం పెడితే ఎట్లా?

నల్లగొండ_బత్తాయి: అన్నా, జీవామృతాన్ని యూరియా తూకం రాళ్లతో తూయొద్దు. అది తిండి కాదు, తోడు. పాలల్లో తోడేసినట్టే.

బస్తా_బలం: తోడు సరే తమ్ముడూ, పాలేవి?

మట్టిబెడ్డ: మంచి మాట. ఆ పాల సంగతే మాట్లాడదాం. అనంత అన్నా, సాళ్ల మధ్య ఏడాదికి ఎన్నిసార్లు రొటవేటర్ తిప్పిస్తావు?

అనంత_చీనీ: నాలుగైదుసార్లు. కలుపు మందు కొట్టను కదా, మరి దున్నకుంటే ఎట్లా? చిన్నాన్న దున్నేదీ అన్నిసార్లే.

మట్టిబెడ్డ: దొంగ దొరికాడు. నువ్వు పేడ వేసి కూడబెట్టిందంతా ఆ రొటవేటర్ తినేస్తోంది. దున్నినప్పుడల్లా మట్టి తిరగబడి, గాలి తగిలి, కర్బనం కరిగిపోతుంది. పైగా చీనీకి తిండి తెచ్చే పీచు వేర్లు ఎక్కువగా పైన అడుగు, అడుగున్నర లోపే. వాటినీ తెంపుతున్నావు. నువ్వు మానింది బస్తాను, చిన్నాన్న మాననిదీ బస్తానే. నేలను ఎండకు ఆరబెట్టడంలో ఇద్దరూ ఒకటే. దున్నడం తగ్గించి సాళ్లలో గడ్డి ఉంచు.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రం యాకిమా లోయలో 1994లో ఆపిల్ చెట్లు నాటి, సేంద్రియం, మామూలు, కలగలుపు అని మూడు పద్ధతుల్లో పెంచి చూశారు. 2001లో ఫలితాలు అచ్చయ్యాయి. దిగుబడి మూడింట్లోనూ ఇంచుమించు ఒకటే. నేల మాత్రం సేంద్రియంలోనూ కలగలుపులోనూ మామూలు దానికన్నా మెరుగు. కలగలుపులో కంపోస్టుతో పాటు బస్తా ఎరువు కూడా పడింది, గుర్తుపెట్టుకోండి.

నల్లగొండ_బత్తాయి: చెప్పొచ్చేదేమంటే, సేంద్రియం దండగనా?

మట్టిబెడ్డ: అనలేదు. పేరు చూసి నేలకు మార్కులు వేయొద్దంటున్నా. సేంద్రియమని ఏటా నాలుగైదుసార్లు బోర్డో (మైలుతుత్తం, సున్నం కలిపిన తెగులు మందు, అందులో రాగి ఉంటుంది) కొట్టే తోటలున్నాయి. ఆ రాగి నేలలోనే పేరుకుంటుంది, మితిమీరితే వానపాములకే చేటు. యూరప్‌లో హెక్టారుకు ఏడేళ్లలో 28 కిలోలు దాటొద్దని గీత గీసింది ఊరికే కాదు.

బస్తా_బలం: గడ్డి ఉంచమంటావు, బాగానే ఉంది. మా బోరు పోసేది రెండించులు. గడ్డి తాగగా చెట్టుకేం మిగులుద్ది?

మట్టిబెడ్డ: ఏడాది పొడవునా ఎవరుంచమన్నారు? తొలకరికి జనుమో అలసందో చల్లు. అది పూతకు రాగానే కోసి అక్కడే పరిచెయ్యి. ఎండాకాలం పచ్చగా ఏదీ ఉండదు, ఎండు కప్పే ఉంటుంది. చెదలు వస్తాయి, కాదనను. మొదలుకు ఆనకుండా జానెడు ఎడం వదులు.

అనంత అన్నా, ఈలోగా ఒక పని చెయ్యి. నీ సాళ్లలో, చిన్నాన్న సాళ్లలో, గట్టు మీద గడ్డి కింద తలా ఒక బెడ్డ తీసి నీడన ఆరబెట్టు. తర్వాత మూడు గాజు గ్లాసుల నీళ్లలో మెల్లగా వదులు. ఏ బెడ్డ విడిపోకుండా నిలిస్తే ఆ నేలలో పట్టున్నట్టు.

అనంత_చీనీ (మూడు రోజుల తర్వాత): చేసినాం. చిన్నాన్న కూడా వచ్చి కూర్చున్నాడు. టీ తాగేలోపే మా ఇద్దరి బెడ్డలూ బుడగలొదులుతా కరిగి అడుగున బురదైపోయినాయి. గట్టు మీది బెడ్డ సాయంత్రం దాకా అట్లాగే ఉంది, నీళ్లు తేటగానే ఉన్నాయి. ఇప్పుడు ఆ గట్టు ఎవరిదని కొత్త తగువు మొదలైంది.