2001లో మొదలైన వ్యవసాయ వాణిజ్య చర్చలు ఇంకా ఎందుకు తేలలేదు? అసలు ముడి ఎక్కడుంది?

ప్రశ్న (పీజీ విద్యార్థి):

అందరికీ నమస్కారం. అంతర్జాతీయ వాణిజ్యం పేపర్‌లో డబ్ల్యూటీవో (ప్రపంచ వాణిజ్య సంస్థ) వ్యవసాయ చర్చల మీద సెమినార్ ఇవ్వాలి. దోహాలో 2001లో మొదలయ్యాయి. 2003లో కాంకున్, 2008లో జెనీవా, 2017లో బ్యూనస్ ఎయిర్స్, 2024లో అబుదాబి... ఏది తీసినా చివర్లో ఒకటే వాక్యం, వ్యవసాయంపై ఒప్పందం కుదరలేదని. కారణం ఏమిటని చూస్తే "ధనిక, పేద దేశాల మధ్య భేదాభిప్రాయాలు" అని ఒక్క ముక్కలో తేల్చేస్తున్నారు. నాకు అది చాలడం లేదు. రైతుకు సాయం అన్ని దేశాలూ చేస్తున్నాయి కదా, మరి గొడవ దేనిమీద? వారం నుంచి చదువుతున్నాను, ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉంది.

జవాబు (లెక్చరర్):

ఈ పాఠం నేను పన్నెండేళ్లుగా చెబుతున్నాను. సదస్సుల తేదీలతో మొదలుపెట్టకండి, విద్యార్థులకు అక్కడే విసుగొస్తుంది. 1995లో అమల్లోకి వచ్చిన వ్యవసాయ ఒప్పందంతో మొదలుపెట్టండి. ముడి అందులోనే పడింది.

ధరలను, ఉత్పత్తిని ప్రభావితం చేసే సబ్సిడీలను అంబర్ బాక్స్ అన్నారు. అప్పటికే ఎక్కువగా ఇస్తున్న దేశాలకు తగ్గించుకోమని చెప్పి, తగ్గించాక మిగిలినదాన్ని హక్కుగా రాసిచ్చారు. అమెరికాకు ఏటా 1,910 కోట్ల డాలర్లు, యూరోపియన్ యూనియన్‌కు దాదాపు 6,700 కోట్ల యూరోలు. అప్పట్లో ఇవ్వలేకపోయిన దేశాలకు ఆ హక్కే లేదు. అంబర్ బాక్స్‌లో వాటికి దక్కింది డి మినిమిస్ అనే చిన్న మినహాయింపు ఒక్కటే, అంటే పంట విలువలో 10 శాతం లోపు సబ్సిడీ. ధనిక దేశాలకు ఆ హక్కుకు తోడు 5 శాతం డి మినిమిస్ కూడా ఉంది. నిన్నటిదాకా ఇచ్చినవాడికి ఇచ్చే హక్కు మిగిలింది, ఇవ్వలేనివాడికి ఎప్పటికీ ఇవ్వకూడదన్న గీత మిగిలింది. ఇది చెప్పేటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా నాకు కోపం వస్తుంది.

ఇక లెక్క కట్టే పద్ధతి. ఆహార నిల్వల కోసం ప్రభుత్వం మద్దతు ధరకు పంట కొంటే, ఆ ధరను ఇవాళ్టి ప్రపంచ ధరతో పోల్చరు. 1986–88 నాటి సగటు ధరతో పోలుస్తారు. బోర్డు మీద నేను వేసే లెక్క ఇది (అంకెలు ఊహించినవే): అప్పటి ధర బస్తాకు 100, ఇవాళ్టి మద్దతు ధర 300, ఇవాళ్టి ప్రపంచ ధర 320. నిజానికి రైతుకు బయటి ధర కంటే తక్కువే ముడుతోంది. కాగితం మీద మాత్రం బస్తాకు 200 సబ్సిడీ. దాదాపు నలభై ఏళ్ల ద్రవ్యోల్బణమంతా సబ్సిడీ ఖాతాలో పడిపోతుంది.

2013లో బాలి సదస్సు దీనికి తాత్కాలికంగా శాంతి నిబంధన ఇచ్చింది. హద్దు దాటినా కేసు వెయ్యరు, కానీ 2013 డిసెంబరు 7 నాటికే ఉన్న పథకాలకు, సంప్రదాయ ఆహార పంటలకు మాత్రమే. శాశ్వత పరిష్కారం వచ్చేదాకా అది కొనసాగుతుందని 2014 నవంబరులో తేల్చారు. 2017 లోపు రావాల్సిన ఆ పరిష్కారం రాలేదు. 2018–19 వరి విషయంలో 10 శాతం దాటామని భారత్ తెలియజేసి ఈ నిబంధనను వాడుకుంది. అలా వాడిన మొదటి దేశం అదే.

జవాబు (ధాన్యం ఎగుమతుల రంగంలో పనిచేసిన వ్యక్తి):

లెక్చరర్ గారి కోపంలో న్యాయం ఉంది. ఒక్క విషయం మాత్రం కలపాలి, లేకపోతే సెమినార్‌లో ఎవరైనా అడిగితే ఇబ్బంది పడతారు. దీన్ని ధనిక–పేద తగాదాగా చెబితే సగమే చెప్పినట్టు. ప్రభుత్వం కొన్న నిల్వలు ఎగుమతిగా బయటికొస్తే దెబ్బ తగిలేది పొరుగు రైతులకే. శాశ్వత పరిష్కారానికి అభ్యంతరం చెప్పేవాళ్లలో పాకిస్తాన్, థాయ్‌లాండ్, పరాగ్వే లాంటి వర్ధమాన దేశాలూ ఉన్నాయి. వాళ్ల రైతులు కూడా రైతులే.

ఇంకోటి, డబ్ల్యూటీవోలో ఓటింగ్‌తో పని నడవదు, ఏకాభిప్రాయం కావాలి. 2008 జులైలో ఇరవై అంశాల్లో పద్దెనిమిది దగ్గరపడ్డాయని అప్పటి డైరెక్టర్ జనరల్ పాస్కల్ లామీ చెప్పారు. పందొమ్మిదోది ప్రత్యేక రక్షణ సుంకం, అంటే దిగుమతులు ఒక్కసారిగా పెరిగినప్పుడు రైతును కాపాడటానికి అదనంగా వేసే సుంకం. పాత గరిష్ఠ సుంకాన్ని మించి వెయ్యాలంటే దిగుమతులు 40 శాతం పెరగాలన్నది ముందుపెట్టిన ప్రతిపాదన. అంతవరకు ఆగితే మా రైతు మునిగిపోతాడని భారత్, దాని వెంట ఉన్న జీ–33 (వర్ధమాన దేశాల కూటమి) దేశాలు అన్నాయి. అమెరికా ఒప్పుకోలేదు. ఆ ఒక్కదానితో మొత్తం ఆగింది.

పీజీ విద్యార్థి:

ఇద్దరికీ చాలా కృతజ్ఞతలు. మరి 2015లో నైరోబీలో ఎగుమతి సబ్సిడీలు ఎత్తేశారు కదా, అదెలా కుదిరింది? పత్తి సంగతేమిటి?

జవాబు (లెక్చరర్):

పై జవాబు సరైనదే, పొరుగు రైతుల మాట నేనే ముందు చెప్పాల్సింది.

ఎగుమతి సబ్సిడీలు అప్పటికే చాలావరకు తగ్గిపోయాయి. యూరప్ దాదాపు మానేసింది. వదులుకునేది తక్కువ కాబట్టి కుదిరింది.

పత్తిని దయచేసి వదలకండి. 2003లో బెనిన్, బుర్కినా ఫాసో, చాద్, మాలి వచ్చి అమెరికా పత్తి సబ్సిడీల వల్ల ప్రపంచ ధర పడిపోయి మా రైతులు చితికిపోతున్నారని చెప్పాయి. పత్తి సబ్సిడీలను మిగతా పంటల కంటే ఎక్కువగా, వేగంగా తగ్గిస్తామని 2005లో హాంకాంగ్‌లో మాటిచ్చారు. కానీ మిగతా పంటల కోత ఎంతో తేలితేగదా దానికంటే ఎక్కువ ఎంతో తేలేది! ఆ మాట అక్కడే ఉండిపోయింది. ఇదే విషయంపై బ్రెజిల్ 2002లో కేసు వేసి గెలిచింది. చివరికి 2014లో 30 కోట్ల డాలర్లతో రాజీ కుదిరింది. బెనిన్, చాద్ ఆ కేసులో మూడో పక్షంగా కూర్చున్నాయి, రాజీ డబ్బులో వాటికి వాటా లేదు.

బోర్డు మీద ఆ మద్దతు ధర లెక్క (బస్తాకు 200 తేడా) వేస్తే ఇంకో ప్రశ్న తప్పకుండా వస్తుంది: తేడాను మొత్తం పంటకు గుణించాలా, ప్రభుత్వం కొన్నదానికే గుణించాలా? పంట 1,000 బస్తాలు, కొన్నది 300 అనుకోండి. మొత్తానికి గుణిస్తే 2,00,000, కొన్నదానికే అయితే 60,000. దక్షిణ కొరియా గొడ్డుమాంసం కేసులో 2000లో వచ్చిన అప్పీలు తీర్పు ప్రకారం, కొన్నంత కాదు, కొనుగోలుకు అర్హత ఉన్నంత లెక్కలోకి వస్తుంది. ఇంతే కొంటామని ముందే పరిమితి ప్రకటిస్తే ఆ పరిమితి తీసుకోవచ్చు. బస్తాకు 320 చొప్పున పంట విలువ 3,20,000 కాబట్టి రెండు విధాలా 10 శాతం దాటుతుంది. రెండు లెక్కలూ పక్కపక్కనే వేసి చూపించండి.