పొదుపు సంఘంలో ఒకరే మాట్లాడితే ఏం చేయాలి? మీ అనుభవాలు చెప్పండి

గోదావరి_గట్టు:
మా సంఘంలో పన్నెండు మందిమి. లీడర్ అక్క మంచి మనిషి, బ్యాంకు పనులన్నీ తనే తిరిగి చేస్తుంది. కానీ మీటింగులో ఆమె ముందు మాట్లాడేస్తే మేమంతా "సరే అక్కా" అంటాం. పోయిన నెల అంతర్గత అప్పు, అంటే మా పొదుపు డబ్బులోంచి ఇచ్చుకునేది, వేరేవాళ్లకు రాసేశారు. కూతురి కాన్పుకు డబ్బు అవసరమైన ఒకామె నోరు విప్పలేదు. ఇంటికెళ్లే దారిలో నా దగ్గర ఏడ్చింది. అప్పటి నుంచి నాకు మనసు బాగాలేదు.

పుస్తకాల_అక్క:
పదకొండేళ్లుగా సంఘాల పుస్తకాలు రాస్తున్నాను. ఒక సంఘంలో ఇదే బాధతో లీడర్‌ని మార్చారు. కొత్తామె మెత్తని మనిషి, బాకీ అడగడానికి మొహమాటం. నాలుగు నెలల్లో ముగ్గురి వాయిదాలు ఆగాయి. బ్యాంకు అప్పు సంఘం పేరు మీదే కదా, ఒకరు కట్టకపోతే అందరికీ టెన్షన్. చివరికి వసూలు పని పాత లీడర్‌కే ఇచ్చారు.

మీటింగు పద్ధతి మాత్రం మార్చాం. గుండ్రంగా కూర్చుంటారు, ఇదివరకు గోడ పక్కన ఒదిగి కూర్చునేవాళ్లతో మొదలుపెడతాం, లీడర్లు ఆఖర్న మాట్లాడతారు. రెండు నెలలు "నాకేం లేదు" అన్న మాటే వినిపించింది. మూడో నెల ఒక పెద్దామె, గేదెలు వట్టిపోయిన నెలల్లో పాల డబ్బు రాదు, గేదెల మీద బతికే ఇద్దరికీ అప్పుడు వాయిదా తగ్గించండి అంది. అందరికీ తెలిసిన సంగతే, అంతవరకు ఎవరూ అనలేదు. సంఘాలు పాటించాల్సిన పంచసూత్రాల్లో మీటింగు, పొదుపు, అప్పు, వాయిదా, పుస్తకాలు ఉన్నాయి. ఎవరు ముందు మాట్లాడాలో లేదు, అది మనమే పెట్టుకోవాలి.

ఓరుగల్లు_ఆడబిడ్డ:
మా దగ్గర ఒకామె ప్రతిదానికీ అడ్డు ప్రశ్న వేసేది, అందరం విసుక్కునేవాళ్లం. ఒకసారి పాసుబుక్ చూపించమని పట్టుబట్టింది. చూస్తే ఒక నెల కిస్తీ మా పుస్తకంలో ఉంది, బ్యాంకులో పడలేదు. కట్టడం మర్చిపోయారు. ఇప్పుడు లెక్కలు చూసే పని ఆమెదే.

మెట్ట_ఊరు:
అందరూ అలా ఉండరమ్మా. మా సంఘంలో ఒకామె అడ్డు చెప్పేది పొలం గట్టు తగాదా మనసులో పెట్టుకుని. అది ముందు ఊళ్లో పెద్దల దగ్గర తేలాకే మీటింగు సర్దుకుంది.

గోదావరి_గట్టు:
పుస్తకాల అక్కా, నిన్న లీడర్ అక్క ఇంటికెళ్లి విడిగా చెప్పాను. కాన్పు సంగతి ఆమెకు తెలియనే తెలియదట. "నాతో ఒక్క మాట అనలేదేమే" అని చాలా బాధపడింది. పదో తారీఖు మీటింగులో ఆఖర్న మాట్లాడతానంది. కాన్పుకు డబ్బు కావాల్సిన ఆమెను నా పక్కనే కూర్చోబెట్టుకుంటాను.