అప్‌డేట్: కాలు తీసేశాక మిగిలిన భాగం (స్టంప్) వాపు తగ్గట్లేదని అడిగాను కదా, తగ్గింది

అందరికీ చాలా థ్యాంక్స్. షుగర్ వల్ల నాన్నకి మోకాలి కింద కాలు తీసేశారు, గాయం మానినా స్టంప్ వాపు వల్ల కృత్రిమ కాలికి కొలతలు వాయిదా పడుతున్నాయని అడిగాను. పంజాగుట్టలో ఫిజియోథెరపిస్ట్‌కి చూపిస్తే తప్పు మా కట్టులోనే ఉందన్నారు, మేం క్రేప్ బ్యాండేజ్ గుండ్రంగా చుట్టి పైన బిగించేస్తున్నాం, దాంతో నీరు కిందే ఆగిపోతోంది. ఎనిమిది అంకెలా, చివర బిగువుగా, పైకి పోయేకొద్దీ వదులుగా కట్టాలి, రోజుకి నాలుగైదు సార్లు విప్పి మళ్లీ కట్టాలి. ఇక్కడ ఒక అక్క చెప్పింది కూడా అచ్చం ఇదే. తర్వాత ష్రింకర్ సాక్ (వాపు తగ్గడానికి స్టంప్‌కి తొడిగే బిగుతైన సాక్) ఇచ్చారు, స్నానానికి తప్ప రాత్రీ పగలూ అదే. రోజూ ఒకే చోట టేపుతో కొలిచి రాసిపెట్టా, రెండు వారాలు కొలత మారకపోయాక కృత్రిమ కాలికి అచ్చు తీశారు.

ఇంకోటి, మోకాలి కింద దిండు. నొప్పి తగ్గుతుందని మేమే పెట్టాం, మోకాలు వంగిపోయి చాచలేకపోయారు, అది సరిచేయడానికే ఎక్కువ టైం పట్టింది. దయచేసి పెట్టకండి, రోజూ కాసేపు బోర్లా పడుకోబెట్టండి.

ఖరీదైన కృత్రిమ పాదం కొనాలా అని ఇక్కడ జరిగిన చర్చకి మా సమస్యతో సంబంధమే లేదు. తీసేసిన పాదం ఇంకా ఉన్నట్టే అందులో మంటలు అనిపిస్తున్నాయి నాన్నకి, దానికోసం కృత్రిమ కాలు ఫిట్టింగ్ ఆపక్కర్లేదన్నారు.

నిన్న కడ్డీలు పట్టుకుని నాన్న నాలుగడుగులు వేశారు.