‘కలవరంలో దేవుడిచ్చింది’: ఈ ‘లో’ సంగతేమిటి?

ప్రశ్న:

అందరికీ నమస్కారం. రెండు నెలలుగా గడి నుడి, అంటే తెలుగు క్రాస్‌వర్డ్, నింపడం నేర్చుకుంటున్నాను. పోయిన వారం ఆరు అడ్డం ఆధారం ఇది: ‘కలవరంలో దేవుడిచ్చింది (2)’. నేను ‘ధైర్యం’ అని రాశాను. మనసు కలవరపడినప్పుడు దేవుడిచ్చేది ధైర్యమే కదా, అక్షరాలు కూడా సరిగ్గా రెండే. ఈ వారం సమాధానాల్లో ‘వరం’ అని వచ్చింది. దేవుడిచ్చింది వరమే, ఒప్పుకుంటాను. మరి కలవరం ఎందుకు పెట్టారు? ధైర్యం ఎందుకు తప్పు? అక్కయ్యలూ అన్నయ్యలూ, కాస్త వివరంగా చెప్పండి.

జవాబు:

చెల్లీ, నీ ‘ధైర్యం’ మీద నాకు చాలా గౌరవం ఉంది. గడులు నింపడం మొదలుపెట్టిన ప్రతివాళ్ళూ ఆధారాన్ని ఒక వాక్యంలా చదివి, దాని భావానికి తగ్గ మాట వెతుకుతారు. నువ్వూ అదే చేశావు. మామూలు పొడుపు కథకైతే ఆ పద్ధతి చాలు. గడి నుడి ఆధారానికి చాలదు, ఎందుకంటే అందులో రెండు దారులుంటాయి. ఒకటి అర్థం దారి, రెండోది అక్షరాల దారి. రెండూ ఒకే మాట దగ్గరికి చేరాలి.

ఇక్కడ అర్థం దారి ‘దేవుడిచ్చింది’. అంటే వరం. అక్షరాల దారి ‘కలవరంలో’. క, ల, వ, రం అని నాలుగు అక్షరాలు విడివిడిగా రాసి చూడు. లోపల చివరి రెండూ ‘వరం’. కలవరంలో వరం అక్షరాలా ఉంది. ‘అక్షరాలా’ అన్న మాటను మనం ‘ముమ్మాటికీ నిజం’ అనే అర్థంలో వాడుతుంటాం కదా, గడి నుడిలో దాన్ని ఉన్నదున్నట్టు తీసుకోవాలి. ధైర్యం దగ్గర అర్థం దారి ఒక్కటే కుదిరింది. కలవరం అనే మాటలో ధై లేదు, ర్యం లేదు. అందుకే అది తప్పు.

నువ్వు దాటేసిన మాట నిజానికి ‘కలవరం’ కాదు, దాని తోక ‘లో’. చిన్నప్పుడు బడిలో ‘కిన్, కున్, యొక్క, లోన్, లోపలన్ షష్ఠీ విభక్తి’ అని గుక్కతిప్పుకోకుండా అప్పజెప్పాం. ఇప్పుడు చదివేటప్పుడు ఆ లోన్‌ను పట్టించుకోం, నోటికి తగలకుండా జారిపోతుంది. ఆధారాలు రాసేవాళ్ళు మాత్రం ఏం చేయాలో అందులోనే చెప్తారు. ‘లో’ అంటే లోపల వెతుకు అని.

అదే కలవరంతో ఇంకో రెండు ఆధారాలు కట్టి చూపిస్తాను.

‘కలతో దేవుడిచ్చింది కలిస్తే ఆందోళన (4)’. ఇక్కడ ‘తో’ వచ్చింది, అంటే కలపమని. కల, వరం కలిస్తే కలవరం. ఆందోళనకు అదే మాట.

‘కల లేని కలవరం దేవుడిచ్చిందే (2)’. ఇప్పుడు తీసేయమంటోంది. కలవరంలోంచి కల తీసేస్తే వరం.

ముడిసరుకు అంతా ఒకటే. లో, తో, లేని. ఈ చిన్న ముక్క మారితే పనీ మారుతోంది, జవాబూ మారుతోంది. నేను ఆధారం చదివేటప్పుడు పెన్సిలుతో ముందు ఈ తోకల కింద గీత గీస్తాను. పెద్ద మాటల జోలికి ఆ తర్వాతే వెళ్తాను. ముప్ఫై ఏళ్ళుగా ఇదే అలవాటు.

ఇంకొక్క సంగతి. ‘దేవుడిచ్చింది’ అని చదవగానే నీకు కొంచెం తేడాగా అనిపించలేదూ? దేవుడు ఇచ్చాడు అంటాం, ఇచ్చింది అనం. కాబట్టి ఈ ‘ఇచ్చింది’ క్రియ కాదు, ‘ఇచ్చిన వస్తువు’ అని అర్థం. తెలుగులో ఈ రూపం రెండు పనులూ చేస్తుంది. ‘అమ్మ వండింది’ అంటే అమ్మ వంట చేసిందనీ అనుకోవచ్చు, అమ్మ చేతి వంట అనీ అనుకోవచ్చు. ఆధారాలు రాసేవాళ్ళకు ఇది పెద్ద పెన్నిధి. మీ ఆధారంలో దేవుడు పుంలింగం కావడంతో గుట్టు కాస్త బయటపడింది. ‘కలవరంలో అమ్మవారిచ్చింది’ అని ఉంటే నేను కూడా ఇంకో నిమిషం ఆలోచించేదాన్ని.

మధ్యలో ఒక మాస్టారి మాట:

వివరణ బాగుందమ్మా. ఒక్క హెచ్చరిక చేయాలి. కలవరం అనే పదం కల, వరం కలిసి పుట్టిందని పిల్లలు అనుకునే ప్రమాదం ఉంది. గడిలో చేసే విరుపు వ్యుత్పత్తి కాదు. ఇంకో మాట, ఇది మనకు కొత్త విద్య కాదు. ‘చతుర్థ జాతుడు పంచమ మార్గాన వెళ్ళి ప్రథమ తనూజను చూసి’ అనే చాటువు మీకు గుర్తుండే ఉంటుంది. పంచభూతాల్లో నాలుగోది వాయువు, ఆయన కొడుకు హనుమంతుడు. అయిదోది ఆకాశం, ఆ దారిన వెళ్ళాడు. మొదటిది భూమి, ఆమె కూతురు సీత. మూడోదైన నిప్పు అక్కడ పెట్టి, రెండోదైన నీటిని, అంటే సముద్రాన్ని, దాటి వచ్చాడు. సుందరకాండ మొత్తం ఒక్క కందంలో! దీన్ని గడి నుడికి తాత అనొచ్చా?

జవాబు:

మాస్టారూ, మీ హెచ్చరిక నూటికి నూరుపాళ్ళు సరైనది. దానికి నా దగ్గర ఇంకో ఉదాహరణ ఉంది: ‘చారల మృగానికి గంట కడితే గుడిలో ప్రసాదం (4)’. చారల మృగం పులి. గుడి అనగానే మన చెవుల్లో గణగణ మోగే గంట వేరు, ఇక్కడి గంట వేరు. ఇది కాలాన్ని కొలిచే గంట, పంచాంగంలో హోర. పులి, హోర కలిస్తే పులిహోర. నిజానికి పులిహోరలో ఉన్నది పులుపు, అడవిలో తిరిగే పులి కాదు. ఆ సంగతి తెలిసే ఆధారం రాసినవాళ్ళు మనల్ని అడవి దారి పట్టిస్తారు. పిల్లలకు ఈ తేడా తప్పకుండా చెప్పాలి.

చాటువు విషయంలో మాత్రం తాత అనలేను, పెదతాత అంటాను. అందులో ఉన్నది అర్థం దారి ఒక్కటే. పంచభూతాల వరస తెలిస్తే విడిపోతుంది, తెలియకపోతే లేదు. మనకు దొరికిన జవాబు సరైనదో కాదో అక్షరాలతో సరిచూసుకునే దారి అందులో లేదు. గడిలో ఆ దారి ఉంది, నాకు గడి మీద ప్రేమ అంతా అందుకే. ఎవరినీ అడగక్కర్లేదు. సరైన మాట దొరికితే ఆధారంలో ఒక్క ముక్క కూడా మిగలదు. ఏదైనా మిగిలిందంటే జవాబు ఇంకా దొరకలేదన్నమాట.

శ్రీశ్రీ పదబంధ ప్రహేళిక అన్నా, ఆరుద్ర గళ్ళ నుడికట్టు అన్నా, మనం గడి నుడి అంటున్నా వస్తువు ఒకటే. ఇంగ్లీషు వాళ్ళ ఆట మనదాకా వచ్చి బాగా మారింది. వాళ్ళది అక్షరమాలలోని 26 ముక్కల ఆట. మన గడిలో పట్టేది గుణింతంతో, ఒత్తుతో కలిసిన నిండు అక్షరం. ‘ర్యం’ ఒకే గడి. సున్నాకు విడిగా గడి లేదు. కొత్తలో నేను ‘వరం’ అని ఉండాల్సిన చోట ‘వరము’ అని రాయబోయి, మూడో అక్షరం నల్ల గడి మీద పడి, తుడిచీ తుడిచీ కాగితం చింపేశాను. అందుకని చెల్లీ, బ్రాకెట్లో అంకె చూశాక వేళ్ళ మీద లెక్కపెట్టుకో. వ, రం. రెండు.

ముక్కలు పెద్దవి కాబట్టి మనకు ఇంగ్లీషులో లాగా పది పన్నెండు అక్షరాలను కలగలిపే ఆట అంతగా సాగదు. దానికి బదులు తిరగేయడం అద్భుతంగా కుదురుతుంది. ‘మరా మరా’ అంటుంటే ‘రామ’ అయిందని వాల్మీకి గురించి చెప్పుకునే కథ ఉంది కదా, మనలో చాలామంది విన్న మొదటి తిరగేత అదే. ‘తల తిరిగిన తీగ (2)’ చూడు. తల తిరగడం అనగానే మనకు కళ్ళు తిరగడం గుర్తొస్తుంది. త, ల అని రాసి వెనక నుంచి చదువు. లత.

‘కడప నుంచి తిరిగొస్తే మంచమే (3)’. ఎండలో ప్రయాణం చేసి వచ్చి పడుకున్నట్టుంది. క, డ, ప తిరగేస్తే పడక.

కడప నుంచి ఒక తమ్ముడు:

అక్కా, మా ఊరిని మంచం ఎక్కించారు, సంతోషం! మా ఊరి పేరు గడప నుంచే వచ్చిందంటారు, తిరుమల వెళ్ళేవాళ్ళకు ఇది గడప అని. దేవుని కడప గుడి అందుకే అంత ప్రసిద్ధం. మరి గడపను తిరగేస్తే పడగ వస్తోంది! నేనూ ఒకటి రాశాను, చూడండి: ‘గడప వెనక్కి తిరిగితే పాము విప్పింది (3)’.

జవాబు:

తమ్ముడూ, చాలా బాగా రాశావు. ఇందాక నేను చెప్పిన ‘వండింది’ ఉపాయం నీకు తెలిసి చేశావో తెలియక చేశావో గానీ, ఇక్కడ పక్కాగా కుదిరింది. ‘పాము విప్పింది’ అనగానే కళ్ళ ముందు పాము కదులుతుంది. అది జరిగిన పని అనే అనుకుంటాం. జవాబు మాత్రం విప్పిన వస్తువు, పడగ. మీ ఆధారంలో దేవుడు ‘ఇచ్చింది’ దగ్గర పట్టుబడ్డాడు కదా చెల్లీ, ఇక్కడ పాము పట్టుబడలేదు.

ఇక నాకు బాగా నచ్చిన ఒకటి పెడుతున్నాను. దీని మీద మా ఇంట్లో అరగంట వాదన జరిగింది. ‘వరి పోతే గోదావరి కుస్తీ పట్టే చోటే (2)’.

గోదావరి జిల్లా నుంచి ఒక అక్కయ్య:

వరి పోతే అన్న మాటకే ప్రాణం చివుక్కుమంది! గోదావరిలో వరి తీసేస్తే గోదా. గోదా అంటే మాకు ఆండాళ్ తల్లి. ధనుర్మాసం నెల రోజులూ తెల్లవారుజామున తిరుప్పావై వినిపిస్తుంది. కుస్తీ ఎక్కడి నుంచి వచ్చింది?

జవాబు:

వదినా, మా ఇంట్లో జరిగిన వాదన సరిగ్గా ఇదే. మా అత్తయ్య కూడా గోదాదేవి అనే అన్నారు. మావారేమో ‘గోదాలోకి దిగాడు’ అనడం లేదా, అది కుస్తీ బరి అన్నారు. రెండూ ఒకే రెండు గళ్ళు కాబట్టి గడిలో తేడా రాదు. కానీ ఆధారం ప్రకారం మావారిదే ఒప్పు, ఎందుకంటే ‘కుస్తీ పట్టే చోటు’ అనే అర్థం దారికి గోదాదేవి చేరదు. అత్తయ్య కోసం నేను ఇంకోటి రాసిచ్చాను: ‘వరి పోయిన గోదావరి, తిరుప్పావై పాడిన తల్లి (2)’. ఆవిడ దాన్ని క్యాలెండర్ వెనక రాసుకున్నారు. ఆధారంలో ‘వరి’ అన్న మాటను చదివి మీకు పొలం కనిపించిందే, అదే ఆధారం రాసినవాళ్ళకు కావలసింది. పొలం చూస్తూ ఉంటే అక్షరాలు కనపడవు.

అక్షరాలను కలగలిపే ఆట సాగదన్నాను గానీ, పొట్టి మాటల్లో ఒక్కోసారి ముత్యంలా కుదురుతుంది. ‘తారుమారైన నవల వల్ల (3)’. న, వ, ల తారుమారు చేస్తే వలన. అర్థం ‘వల్ల’. జవాబే ఒక విభక్తి! ‘వలనన్, కంటెన్, పట్టి పంచమీ.’ మనం తోక అని వదిలేసే ముక్కే ఇక్కడ మాటగా వచ్చి గళ్ళలో కూర్చుంది. ఇది తట్టిన రోజు నాకు నిద్ర పట్టలేదు.

ప్రశ్న అడిగిన చెల్లెలు:

అక్కా, ఇప్పుడు అర్థమైంది. పొద్దున్నుంచి బస్సు మీది బోర్డులు కూడా తిరగేసి చదువుతున్నాను. ఈ వారం గడిలో ‘పాత మసాలాలో వాల్మీకి చూసిన నది (3)’ అని ఉంది. ముందు ‘లో’ కింద గీత గీశాను. పా, త, మ, సా, లా. మధ్యలో తమసా! రెండు మాటల నడుమ దాక్కుంది. క్రౌంచ పక్షుల కథ తమసా తీరంలోదే కదా, రెండు దారులూ కలిశాయి. నేనే ఒకటి రాశాను కూడా: ‘పలక తిరగేస్తే కట్టెలు (3)’. కలప. బాగుందా?

జవాబు:

తమసా దొరికినందుకు నాకు ఎంత సంతోషంగా ఉందో చెప్పలేను. రెండు మాటల మధ్య దాగినది పట్టుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

నీ ఆధారంలో అక్షరాల దారి చక్కగా ఉంది. ప, ల, క తిరగేస్తే క, ల, ప. అర్థం దారినే కొంచెం సరిచేయాలి. కట్టెలు అంటే పొయ్యిలో పెట్టేవి. కలప అంటే వడ్రంగి కోసి తలుపులూ ద్వారబంధాలూ చేసేది. దగ్గరగా ఉన్నాయి గానీ ఒకటి కాదు. ‘పలక తిరగేస్తే వడ్రంగికి పని (3)’ అందామా అనుకున్నాను, అదీ కుదరదు. కలప పని కాదు, సరుకు. ‘పలక తిరగేస్తే వడ్రంగి సరుకు (3)’ అని రాసి చూడు. పలక కూడా ఒకప్పుడు చెక్క చట్రంలోనే ఉండేది కాబట్టి చదవడానికీ బాగుంటుంది.

చివరగా నీకోసం ఒకటి, జవాబు చెప్పను. ‘ఎటు తిరిగినా పాదం వెనకే (3)’. ‘ఎటు తిరిగినా’ కింద గీత గియ్యి.